గంట కొట్టగానే వెళ్లిపోయే కుర్రాడు సోమరేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీకు 46 ఏళ్లు, పదిహేను మంది ఉన్న సెక్షన్ చూసుకుంటున్నారు. కొత్తగా చేరిన 22, 23 ఏళ్ల కుర్రాళ్లు టైం కాగానే చేతులు కడుక్కుని వెళ్లిపోతున్నారు. ఒక మాట గట్టిగా అంటే మర్నాడు రావడం లేదు. ఏడాదికో ఉద్యోగం మారుతున్నారు. ఏ పని చెప్పినా "ఎందుకు సార్?" అంటున్నారు. ఇంట్లో పదిహేడేళ్ల మీ అబ్బాయిదీ ఇదే వరస. "మా నాన్న మమ్మల్ని కొట్టి పెంచినట్టు పెంచి ఉంటే వీళ్లు ఇలా తయారయ్యేవాళ్లా? తప్పు పెంపకానిదా, ఈ తరానిదా?" అన్నారు.

నేను 34 ఏళ్లు మెషిన్ షాపులో, అంటే లోహపు భాగాలు తయారుచేసే చోట, పనిచేశాను. అప్రెంటిస్‌గా చేరి, లేత్ మెషిన్ నడిపే టర్నర్‌నై, చివరి 16 ఏళ్లు కొత్తవాళ్లకి పని నేర్పే బాధ్యత చూశాను. మీరు పడుతున్న బాధ నేనూ పడ్డాను, మీరన్న మాటలే నేనూ అన్నాను. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "కష్టపడటం" అనే ఒక్క మాటలో మన వయసువాళ్లం మూడు వేర్వేరు సంగతులు కలిపేశాం. ఎన్ని గంటలు ఉన్నాడు, ఎంత అణిగిమణిగి ఉన్నాడు, పని ఎంత బాగా చేశాడు. ఇప్పటి పిల్లలు మొదటి రెండింటికీ ఒప్పుకోవడం లేదు. మూడోది, అంటే పనితనం, వాళ్లకి అక్కర్లేదంటే నేను నమ్మను. అది వాళ్ల చేతికి అందడం లేదు. అందించాల్సింది మనం.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను.

మాకు ఒక షాఫ్ట్ జాబ్ వచ్చేది. డయా, అంటే వ్యాసం, 100 మిల్లీమీటర్లు. అటూ ఇటూ కలిపి 20 మైక్రాన్ల తేడాకి మించి ఒప్పుకోరు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. లేత్ మీద ఫినిషింగ్ కట్ అవగానే మైక్రోమీటర్ పెట్టకూడదు, కాసేపు ఆగాలి. మా గురువుగారు నాకు అలాగే నేర్పారు. "ఆగు, చల్లారనీ" అనేవారు. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు. అడిగితే తిడతారన్న భయం ఒకటి, పెద్దాయన చెప్పాక మళ్లీ ప్రశ్నేమిటన్న అలవాటు ఇంకొకటి. ఏళ్ల తరబడి ఆగాను.

నేను నేర్పే రోజుల్లో ఒక ట్రైనీ ఉండేవాడు. ఇరవై రెండేళ్లుంటాయి. "ఎంతసేపు ఆగాలి సార్? ఎందుకు?" అన్నాడు. పక్కన మరో నలుగురు ఉన్నారు. నాకు తల తీసేసినట్టయింది. "చెప్పింది చెయ్యి" అని కసిరాను. వాడు ఇక మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం నేను అవతల మెషిన్ దగ్గర ఉండగా వేడి జాబ్ మీదే కొలత చూసుకుని, సరిపోయిందని తీసి పక్కన పెట్టేశాడు. మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్షన్‌లో కొలిస్తే సైజు తగ్గింది. తగ్గిన డయాకి లోహం అతికించలేం కదా. వరసగా నాలుగు జాబ్‌లు స్క్రాప్.

కోపం దిగాక నాకు సిగ్గేసింది, ఎందుకంటే జవాబు నా దగ్గర కూడా పూర్తిగా లేదు. ఇద్దరం కాగితం తీసుకుని కూర్చున్నాం. ఉక్కు మీటరు పొడవుకి, ఒక్కో డిగ్రీ వేడికి, సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల డయా, షాపు వేడి కంటే 20 డిగ్రీలు ఎక్కువగా ఉంటే 23 మైక్రాన్లు ఉబ్బుతుంది. మాకు ఇచ్చిన తేడా మొత్తం 20. అంటే వేడి మీద సరిగ్గా ఉందనుకున్న జాబ్ చల్లారేసరికి హద్దు దాటిపోతుంది. వాడు ఆ కాగితం చూసి "ఓ, ఇదా" అన్నాడు. రెండు రోజుల తర్వాత వాడి లేత్ పక్కన ఒక అట్టముక్క వేలాడుతోంది. ఏ డయాకి ఎన్ని డిగ్రీలకి ఎన్ని మైక్రాన్లు అని చిన్న పట్టిక. నెల తిరిగేసరికి పక్క మెషిన్ల వాళ్లూ అది చూసుకోవడం మొదలుపెట్టారు.

ఆ కుర్రాడు ఏ రోజూ షిఫ్ట్ అయ్యాక పది నిమిషాలు కూడా ఎక్కువ ఉండేవాడు కాదు. ఆ ఏడాది సెక్షన్‌లో అందరికంటే తక్కువ స్క్రాప్ వాడిదే. గంటల లెక్కలో చూస్తే వాడు సోమరి, విధేయత లెక్కలో చూస్తే పొగరు. పనితనంలో చూస్తే నేను ఆ వయసులో వాడి దరిదాపుల్లో లేను.

ఇక "ఈ తరం" అన్న మాట సంగతి. ఒక ప్రశ్న నన్ను చాలాకాలం కుదురుగా ఉండనివ్వలేదు, అందుకని దీని మీద జరిగిన పరిశోధన కొంత చదివాను. మీరు ఇప్పుడు పోల్చుతున్నది 23 ఏళ్ల కుర్రాడిని, 46 ఏళ్ల మిమ్మల్ని. మధ్యలో మీకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, చేతికింద మనుషులు వచ్చారు. ఆ తేడా వయసుదా, ఇప్పుడు నడుస్తున్న కాలానిదా, పుట్టిన తరానిదా? పుట్టిన సంవత్సరం అంటే నడుస్తున్న సంవత్సరంలోంచి వయసు తీసేస్తే వచ్చేది కాబట్టి, వట్టి లెక్కలతో ఈ మూడింటినీ విడదీయడం కుదరదు. ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన చిక్కుముడి ఇది.

2012లో అమెరికాకి చెందిన కొందరు పరిశోధకులు ఇరవై అధ్యయనాలు కలిపి చూశారు. ఉద్యోగంలో తృప్తి, సంస్థ మీద నిబద్ధత, మానేయాలన్న ఆలోచన, ఈ మూడింట్లోనూ తరాల మధ్య తేడాలు చిన్నవే, చాలాచోట్ల దాదాపు సున్నా. 2020లో అమెరికా నేషనల్ అకాడెమీస్ అనే శాస్త్రవేత్తల సంస్థ కూడా ఇదే విషయం మీద పెద్ద నివేదిక ఇచ్చింది. ఉద్యోగులని తరాల పేర్లతో విడగొట్టి నడపడానికి తగిన ఆధారం లేదన్నది దాని సారం. బాగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 1981 నుంచి 1996 వరకు పుట్టినవాళ్లు మిలీనియల్స్, 1997 నుంచి జెన్ జీ. అంటే 1996 డిసెంబర్ 31న పుట్టినవాడు ఒక తరం, మర్నాడు పుట్టినవాడు మరో తరం. ఒకే ఆసుపత్రిలో, ఒకే వార్డులో పుట్టినా సరే.

"ఏడాదికో ఉద్యోగం మారుతున్నారు" అన్నారు కదా. అమెరికాలో ప్యూ అనే పరిశోధన సంస్థ ఇది లెక్కగట్టింది. 2016లో 18 నుంచి 35 ఏళ్ల ఉద్యోగుల్లో దాదాపు 63 శాతం మంది అదే యజమాని దగ్గర 13 నెలలు దాటి ఉన్నారు. 2000లో అదే వయసువాళ్లలో అలా ఉన్నది దాదాపు 60 శాతం. అంటే అంతకు ముందు తరం అదే వయసులో వీళ్ల కంటే నిలకడగా ఏమీ లేదు. వయసులో ఉన్నవాళ్లు ఉద్యోగాలు మారతారు, ఎప్పుడూ మారారు. మనం కూడా మారాం, ఆ సంగతి మరిచిపోయాం.

ఈ మరుపు గురించి ఒక పరిశోధన నన్ను బాగా కదిలించింది. 2019లో జాన్ ప్రాట్జ్‌కో, జోనథన్ స్కూలర్ అనే ఇద్దరు చేసినది. బాగా చదివే అలవాటున్న పెద్దలు "ఈ కాలం పిల్లలు చదవరు" అని ఎక్కువగా అంటారట. పెద్దల పట్ల గౌరవానికి విలువిచ్చేవాళ్లు "పిల్లలకి గౌరవం లేదు" అని ఎక్కువగా అంటారట. మనం దేంట్లో గట్టివాళ్లమో అందులోనే పిల్లలు మనకి బలహీనంగా కనిపిస్తారు. దానికి ఒక కారణం, ఇప్పటి మన గుణాన్ని తీసుకెళ్లి మన చిన్నతనానికి కూడా తగిలించి గుర్తుచేసుకోవడం. ఈ రోజు నేను పనిలో నిక్కచ్చి మనిషిని కాబట్టి, ఇరవై రెండేళ్లప్పుడూ అలాగే ఉన్నానని నా జ్ఞాపకం నాతో చెప్తోంది. మా గురువుగారిని అడిగి ఉంటే ఆయన వేరే కథ చెప్పేవారు.

ఇంకొకటి. చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, తినకుండా కాసేపు ఆగితే రెండు ఇస్తామని చెప్పే ప్రయోగం మీరు వినే ఉంటారు. 1960ల నాటి పిల్లలతో పోలిస్తే 2000ల నాటి పిల్లలు సగటున రెండు నిమిషాలు ఎక్కువసేపు ఆగారు. విడిగా పెద్దవాళ్లని అడిగితే మాత్రం, ఇప్పటి పిల్లలు తక్కువ సేపే ఆగుతారని ఎక్కువమంది చెప్పారు.

అయితే అసలు తేడాలే లేవని నేను అనడం లేదు. కార్ల్ మన్‌హైమ్ అనే సమాజశాస్త్రవేత్త 1928లోనే చెప్పాడు, వయసు వచ్చే రోజుల్లో లోకం ఎలా కనిపిస్తే ఆ ముద్ర మనిషిలో చాలాకాలం ఉండిపోతుందని. ఆర్థిక మాంద్యంలో చదువు పూర్తిచేసి ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్ల జీతాలు ఏళ్ల తరబడి, కొందరికి పదేళ్ల వరకూ, వెనకబడే ఉంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఇప్పుడు మీ సెక్షన్‌లో చేరిన కుర్రాడు ఏం చూశాడు? ఇరవై ఏళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన తండ్రినో మేనమామనో ఒక్క కాగితంతో ఇంటికి పంపేయడం చూసి ఉండొచ్చు. మనకి ఆ రోజుల్లో చెప్పని ఒప్పందం ఒకటి ఉండేది: నువ్వు నోరు మూసుకుని చెమటోడ్చు, నీ సంగతి సంస్థ చూసుకుంటుంది. చాలాచోట్ల సంస్థే ఆ ఒప్పందంలోంచి తప్పుకుంది. కుర్రాళ్లని మాత్రం తమ సగం నిలబెట్టుకోమంటున్నాం. ఇది న్యాయం కాదు. ఈ మాట నేను యాజమాన్యం తరఫున కూర్చున్న రోజుల్లో కూడా అన్నాను.

గంట కొట్టగానే వెళ్లడం గురించి కూడా ఒక మాట. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 అన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒడంబడిక. దాని కోసం కొట్లాడినవాళ్లు మన తాతల కంటే ముందువాళ్లు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ కలిసి చెప్పిన లెక్క ఇది: వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. నేను వరసగా రెండు షిఫ్టులు చేసి గర్వంగా ఇంటికి వెళ్లిన రోజులున్నాయి. ఆ రెండో షిఫ్ట్ చివరి గంటల్లో చేసిన జాబ్‌లు ఎన్ని రీవర్క్‌కి వచ్చాయో కూడా నాకు గుర్తుంది. నా ఎడమచేతి చూపుడువేలి మీద మచ్చ అలాంటి ఒక రాత్రిదే.

పెంపకం మారిందన్నది నిజం. 11 పాశ్చాత్య దేశాల లెక్కలు చూస్తే, 1965లో తల్లి పిల్లల కోసం రోజుకి సగటున 54 నిమిషాలు కేటాయించేది, 2012 నాటికి 104 నిమిషాలు. తండ్రి 16 నిమిషాల నుంచి 59కి వచ్చాడు. ఇంటికి నలుగురైదుగురు పిల్లలున్నప్పుడు పిల్లలకి జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు, "ఎందుకు" అంటే వీపు మోగేది. ఇప్పుడు ఇంటికి ఒకరో ఇద్దరో. అడిగితే జవాబు దొరుకుతుంది. అలా పెరిగిన పిల్లాడు ఉద్యోగంలో కూడా అడుగుతాడు, దీంట్లో తలపొగరేమీ లేదు. మిమ్మల్ని మీ నాన్నగారు కొట్టి పెంచినందువల్ల మీరు బాగుపడ్డారని మీరు అనుకుంటున్నారు. నన్నడిగితే దెబ్బల వల్ల కాదు, దెబ్బలు తిన్నా కూడా బాగుపడ్డారు. 1960లలో డయానా బామ్‌రిండ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త పిల్లల పెంపకం మీద చేసిన పనిలో తేలింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. కారణం చెప్పకుండా ఆజ్ఞలు వేసే ఇళ్లకంటే, అడ్డూ అదుపూ లేకుండా వదిలేసే ఇళ్లకంటే, ఆప్యాయంగా ఉంటూ కారణం చెప్పి, చెప్పిన హద్దు మీద గట్టిగా నిలబడే ఇళ్లలో పిల్లలు స్వతంత్రంగా, బాధ్యతగా తయారయ్యారు.

కానీ పాత పెంపకంలో ఒకటుంది, అది పోయిందని నాకు నిజంగా బాధ. గ్లెన్ ఎల్డర్ అనే ఆయన 1930ల మాంద్యంలో పెరిగిన అమెరికా పిల్లల జీవితాలని దశాబ్దాల పాటు జరిగిన అధ్యయనాల ఆధారంగా పరిశీలించాడు. 1920, 21లో పుట్టినవాళ్లు ఆ కష్టం వచ్చేసరికి కాస్త ఎదిగారు. మగపిల్లలు చిన్నాచితకా పనులకి వెళ్లి సంపాదించారు, ఆడపిల్లలు ఇంటి పని భుజానికెత్తుకున్నారు. వాళ్లలో చాలామంది తర్వాత నిలదొక్కుకున్నారు. 1928, 29లో పుట్టినవాళ్లు మరీ చిన్నవాళ్లు. అదే కష్టం వాళ్ల మీద, ముఖ్యంగా మగపిల్లల మీద, ఎక్కువ గాయం చేసింది. నాకు ఇందులో కనిపించింది ఇదీ: పిల్లల్ని గట్టిపరిచింది లేమి అయితే ఇద్దరూ ఒకేలా గట్టిపడాలి. పెద్దపిల్లలకి దొరికి చిన్నపిల్లలకి దొరకనిది, "నేను చేయకపోతే ఇల్లు నడవదు" అన్న స్థానం.

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. ఆ సామెతని మనం దండించడానికే వాడుకున్నాం. చిన్నప్పుడు చేతికి అలవాటు కావాల్సిన పని గురించి కూడా అదే సామెత చెప్పొచ్చు. ఇప్పటి పిల్లాడు 22 ఏళ్లు వచ్చేదాకా తన పని మీద ఇంకొకరు ఆధారపడిన అనుభవం లేకుండా షాపులో అడుగుపెడుతున్నాడు. అంతవరకు వాడు చేసిన పనులన్నీ మార్కుల కోసం, తన కోసం. తప్పు చేస్తే తనకే నష్టం. పెద్దవాళ్లు పని చేస్తుంటే పక్కన నిలబడి చూసింది కూడా లేదు. మాట అంటే తట్టుకోలేకపోవడానికి ఇది చాలావరకు కారణమని నా నమ్మకం. వాడికి తిట్టు పని గురించి అని తెలియదు, తన గురించే అనుకుంటాడు.

అందుకని మీ సెక్షన్‌లో నేనైతే ఏం చేస్తానో చెప్తాను. కొత్తవాడు వచ్చిన మొదటి వారం వాడి పక్కనే ఉంటాను. పని చెప్పేటప్పుడు కారణం ఒక్క వాక్యంలో చెప్తాను. కారణం నాకే తెలియకపోతే తెలియదనే చెప్పి, ఇద్దరం కలిసి కనుక్కుంటాం. తప్పు జరిగితే నలుగురిలో అనను, పక్కకి పిలిచి జాబ్ చేతిలో పట్టుకుని మాట్లాడతాను. "నువ్వు ఇంతే" అన్న మాట నోట రానివ్వను, "ఈ అంచు చూడు" అంటాను. నెల దాటాక ఒక మెషిన్ వాడి పేరు మీద రాస్తాను. దాని శుభ్రం, దాని నూనె, దాని టూల్స్, దాని మీద వచ్చే స్క్రాప్ అన్నీ వాడివే. ఆ జాబ్ తర్వాత ఎక్కడికి వెళ్తుందో ఒకసారి అసెంబ్లీకి తీసుకెళ్లి చూపిస్తాను. సైజు తప్పిన షాఫ్ట్ వల్ల అవతల ఒక మనిషి రెండు గంటలు సుత్తి పట్టుకుని అవస్థపడటం కళ్లారా చూసిన కుర్రాడికి, నేను మళ్లీ పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఫోన్ విషయంలో మాత్రం నేను మెత్తబడలేదు. జాబ్‌ని బిగించి తిప్పే చక్ తిరుగుతుంటే దాని ముందు ఫోన్ చూడకూడదంతే. కారణం చెప్పాను, హద్దు పెట్టాను, అందరికీ, నాతో సహా. ఎవరూ మానేయలేదు.

ఇవన్నీ చేశాక కూడా పని ఎగ్గొట్టేవాడు ఒకడుంటాడు. మన రోజుల్లోనూ ఉన్నాడు, మనం వాణ్ణి పనిదొంగ అన్నామే తప్ప ఆ తరమంతా అంతే అనలేదు. ఇప్పుడూ వాడొక్కడి సంగతి వాడితోనే తేల్చుకోండి. మిగతా పద్నాలుగు మందిని ఆ గాటన కట్టకండి.

మీ అబ్బాయి విషయానికి వస్తే, గదిలో నిలబెట్టి "నీ వయసులో నేను" అని మొదలుపెట్టడం ఆపేయండి. ఇంట్లో ఒక పని వాడికి పూర్తిగా అప్పగించండి. చదువుకి సంబంధించినది వద్దు, తన గది సర్దుకోవడం లాంటిదీ వద్దు, అది మళ్లీ తన కోసమే అవుతుంది. వాడు చేయకపోతే మీ అందరికీ ఆగిపోయేది ఏదైనా ఎంచుకోండి. నెలనెలా కట్టాల్సిన బిల్లులు కావచ్చు, పెద్దవాళ్ల మందులు తెచ్చే పని మాత్రం మొదట్లోనే వద్దు. ఎలా చేయాలో ఒకసారి పక్కన కూర్చుని చూపించండి, తర్వాత గుర్తుచేయకండి. మొదటి రెండు మూడు సార్లు మరిచిపోతాడు. ఇంటర్నెట్ ఆగిపోతుంది, ఇంట్లో అందరికీ ఇబ్బంది అవుతుంది. అప్పుడు మీరు లేచి కట్టేయకండి. వాళ్లమ్మకి కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి.